మామగారి కోసం ఆంప్ కొన్న అల్లుడు

మా ఆయన నెమ్మదస్తుడని అందరూ అంటారు. కళ్లజోళ్ల దుకాణంలో పని. పొద్దున్నుంచి సాయంత్రం దాకా బల్ల ముందు మెడ వంచుకుని, అద్దాల అంచులు అరగదీసి ఫ్రేముల్లో బిగిస్తూ ఉంటాడు. గోరంత స్క్రూ కింద పడితే నేలకి చెంప ఆనించి వెతుకుతాడు తప్ప విసుక్కోడు. ఎవరైనా వచ్చి ‘ఈ జోడు పెట్టుకుంటే మెట్లు వంకరగా కనిపిస్తున్నాయి’ అని దెబ్బలాటకి దిగినా, ‘ఇలా ఇవ్వండి, చూద్దాం’ అంటాడు, అంతే. మా ఇంట్లో కేకలన్నీ నావే. అలాంటి మనిషి కడుపుమంటతో కుతకుతలాడిపోయాడు. కారణం మా బావగారు, అంటే మా అక్క మొగుడు, కొనుక్కొచ్చిన ఒక చిన్న పెట్టె.

కింద వాటాలో మేముంటాం, పై వాటాలో అక్కావాళ్లు. నాన్న మా దగ్గరే. బతుకంతా పిండిమిల్లులో పనిచేసి, రెండు చెవులూ ఆ మిల్లుకే ధారపోసి వచ్చాడు. చెవి మిషను కొనిస్తే కూ అని అరుస్తోందని తీసి సొరుగులో పడేశాడు. చెవిలో నోరు పెట్టి అరిస్తే నా గొంతొక్కటే కాస్త అందుతుంది. నా గొంతు ఎలాంటిదో మా వీధిలో ఎవరినడిగినా చెబుతారు. మిగతావాళ్లు ఏం మాట్లాడినా నాన్న తల ఊపి నవ్వి ఊరుకుంటాడు.

మా ఆయనకి గిటారు పిచ్చి. ఎలక్ట్రిక్ గిటారు, పెళ్లికి ముందు నుంచీ ఉన్నదే. వాళ్లింట్లో అది బయటికి తీస్తే చాలు, ‘ఆ టింగుటింగు ఆపరా’ అని వాళ్ల నాన్నగారు కసిరేవారట. మా పెళ్లి మాటలప్పుడు మా నాన్న జీతం అడగలేదు, ఇల్లుందా వాకిలుందా అని అడగలేదు. “ఏదీ, ఒకటి వాయించు బాబూ” అన్నాడు. అప్పటికింకా చెవులు పనిచేసేవి. కళ్లు మూసుకుని, మోకాలి మీద వేళ్లతో తాళం వేస్తూ చివరిదాకా విన్నాడు. ఆ రోజు నుంచి మా ఆయనకి మామగారంటే ప్రాణం. నన్ను చూసి చేసుకున్నాడో, మామగారిని చూసి చేసుకున్నాడో నాకిప్పటికీ తేలలేదు.

పని నుంచి రాగానే మొహం కడుక్కుని, నాన్న మంచం పక్కన కుర్చీ లాక్కుని వాయించడం ఆయనకి అలవాటు. గిటారుని ఒక పాత ప్లాస్టిక్ స్పీకరు డబ్బాకి తగిలించేవాడు. అందులోంచి దోమ పాడినట్టు వచ్చేది శబ్దం. అయినా నాన్న వేళ్లు కదిలేవి. రానురాను ఆ కదలిక తగ్గింది, ఈమధ్య పూర్తిగా ఆగిపోయింది. మా ఆయన వాయిస్తుంటే నాన్న కాసేపు ఆ తీగల వంక చూసి, తర్వాత కిటికీ వైపు తిరిగేవాడు. చెవులు పూర్తిగా పోయాయిలే అని మనసుకి సర్దిచెప్పుకున్నాం.

సరిగ్గా అప్పుడే బావగారు రంగంలోకి దిగారు. ఆయన డ్రైవింగు స్కూల్లో కార్లు నడపడం నేర్పిస్తారు. ఏం మోజు పుట్టిందో, ఒక గిటారూ, దానితో పాటు ఒక చిన్న ట్యూబ్ ఆంపూ కొనుక్కొచ్చారు. ఆంప్ అంటే గిటారు శబ్దాన్ని పెంచి వినిపించే పెట్టె. ఇప్పుడొచ్చేవాటిలో ఎక్కువగా చిప్పులే ఉంటాయట. ట్యూబ్ ఆంపులో మాత్రం పాతకాలపు రేడియోల్లో ఉండే గాజు వాల్వులు ఉంటాయి, వాటినే ట్యూబులంటారు. అవి వేడెక్కి ఎర్రగా వెలిగాక గిటారు గొంతు నిండుగా, మెత్తగా మారుతుంది. ఇదంతా మా ఆయన పళ్లు నూరుతూ చెబితేనే నాకు తెలిసింది.

బావగారి వాయింపు కొత్తగా క్లచ్చు వదిలినవాడి బండిలా కుదుపులతో సాగేది. కానీ ఆ పెట్టె గొంతు బాగుంది, బాగాలేదంటే కళ్లు పోతాయి. పైన అది మొదలైన రోజు మా ఆయన నాన్న ముందు కూర్చుని ఏదో వాయిస్తున్నాడు. నాన్న ఉన్నట్టుండి గోడవైపు తిరిగాడు. గోడ మీద చెయ్యి ఆనించి పడుకున్నాడు. కాసేపటికి రెండో చేతి వేళ్లు దుప్పటి మీద కదిలాయి. తాళం. పైనుంచి వస్తున్న పాటకి సరిగ్గా తాళం.

మా ఆయన చెయ్యి తీగల మీదే ఆగిపోయింది.

“అయితే వినపడుతోందన్నమాట,” అన్నాడు.

“ఏదో ఊరికే కదిలిస్తున్నాడులెండి.”

“ఊరికే కాదు. నాది వినపడక కాదు, నచ్చక.”

గిటారు చంకలో పెట్టుకుని లోపలి గదిలోకి వెళ్లి తలుపేసుకున్నాడు. అప్పటినుంచి రోజూ ఇదే వరస. మా ఆయన వాయించడం, నాన్న కిటికీలోకి చూడటం, పైన బావగారు మొదలుపెట్టడం, ఈయన లేచి లోపలికి పోయి తలుపేసుకోవడం, నాన్న గోడకి తిరిగి తాళం వేయడం. అన్నం దగ్గర కూడా ఆయన మొహం మాడిపోయి ఉండేది. ఒకరోజు ఉప్పు అడిగే నెపంతో పైకి వెళ్లి, ఆ ఆంపుని చూడనట్టు చూసొచ్చాడు. మా ఇంట్లో ఉప్పు డబ్బా నిండుగా ఉంది.

ఇక మా అక్క సంగతి. మెట్ల మీద కనిపించినప్పుడల్లా, “నాన్నకి మీ బావగారి వాయింపంటే ఎంతిష్టమోనే” అని పుండు మీద కారం చల్లేది. చిన్నప్పుడు బస్సులో కిటికీ పక్క సీటు అక్కదే. కొత్త గౌను అక్కది, పొట్టిదైపోయాక నాది. అందం అక్కది, గొంతు నాది. నాన్న ఒక్కడు నా వాటాకి వచ్చాడు. ఇప్పుడు ఆయన మీద కూడా కన్నేసింది. ఒకరోజు తిన్నగా వచ్చి, నాన్నని పైకి తీసుకెళ్లిపోతానంది.

“ఎలాగూ మా పాటల కోసమే గోడకి అతుక్కుపోతున్నాడు. ఆ తిప్పలేవో లేకుండా ఎదురుగానే కూర్చుని వింటాడు. నీకూ పని తగ్గుతుంది కదే.”

“నాకు పని ఎక్కువైందని నీకెవరు చెప్పారు?” అన్నాను.

నన్ను పట్టించుకోకుండా నాన్న వైపు తిరిగి, వేలితో పైకి చూపించి, రమ్మని సైగ చేసింది. నాన్న తల ఊపాడు. అందరికీ ఊపే ఊపు కాదు అది. అక్క చెయ్యి పట్టుకుని మరీ ఊపాడు. ఆదివారం సాయంత్రం వచ్చి తీసుకెళతానని చెప్పి అక్క మెట్లెక్కింది. మా ఆయన తలుపు పక్కన నిలబడి అంతా విన్నాడు.

“ఆంప్ కొందాం,” అన్నాడు. “ఆదివారం పొద్దున్నే.”

సంగీత వాయిద్యాలు అమ్మే దుకాణం తలుపు తీసేసరికి మేం మెట్ల మీద ఉన్నాం. దుకాణం ఆయన కళ్లు నులుముకుంటూ, “ఇంట్లోకా, స్టేజీకా?” అని అడిగాడు.

“ఇంట్లోకే. మా మామగారికి.”

“ఆయన వాయిస్తారా?”

“వింటారు,” అన్నాడు మా ఆయన.

దుకాణం ఆయన ముందుగా నడుమెత్తు ఆంపు ఒకటి చూపించాడు. దాన్ని పెంచితే హాలు దద్దరిల్లుతుందన్నాడు. పై వాటాలో అక్క గాజు సామాను గలగలలాడటం నా కళ్లకి కట్టింది. “ఇదే తీసుకోండి” అన్నాను. మా ఆయన దాని పిడి పట్టుకుని రవ్వంత లేపి, నడుం పట్టుకుని దించేశాడు. వంగి వంగి పనిచేసి ఆయనకి వెన్నులో డిస్కు జారింది. బరువులు ఎత్తొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు.

“బరువొక్కటే కాదు,” అన్నాడు నాతో. “ట్యూబులు కాస్త కష్టపడితేనే పాడతాయి. ఇంట్లో దీన్ని ఒకటి మీద పెట్టి గుసగుసలాడించాలి. అదే చిన్నదైతే సగానికి పైగా తిప్పినా ఎవరూ తలుపు కొట్టరు.”

“చిన్నదైతే ఇది తీసుకోండి,” అని దుకాణం ఆయన ఇంకొకటి ముందుకి జరిపాడు. “మంచి గిరాకీ. ఆమధ్య డ్రైవింగు మాస్టారొకాయన పట్టుకెళ్లారు. మొన్న మళ్లీ వచ్చి చెప్పారు, వాళ్ల మామగారు దీనికి పడి చస్తారట.”

మా ఆయన ఆ పెట్టెని చేత్తో తాకను కూడా లేదు. “అది తప్ప ఇంకేదైనా చూపించండి,” అన్నాడు. మెడ మీద నరం లేచింది. నాకైతే ఆ పెట్టెని తన్నాలనిపించింది.

చివరికి ఒక మూల షెల్ఫులో దొరికింది. చెక్కపెట్టె, కుట్టుమిషను మూత కంటే చిన్నది, పైన తోలు పిడి. మా ఆయన దాన్ని ఒక చేత్తో ఎత్తాడు. బరువు పోల్చి చూడటానికి రెండో చేత్తో బావగారి పెట్టెలాంటిదాన్ని ఎత్తక తప్పలేదు. “ఇదే తేలిక,” అని నా వైపు చూశాడు. తర్వాత గిటారు తగిలించి, ట్యూబులు వేడెక్కేదాకా ఓపిగ్గా ఆగి, మెల్లగా వాయించాడు. శబ్దం గుండ్రంగా, చివర్లో కాస్త గీరుకుపోతూ వచ్చింది. కొన్నాళ్లుగా బిగుసుకుపోయి ఉన్న ఆయన మొహం అప్పుడు వదులైంది. ధర సంగతి నేనడగలేదు, ఆయనా చెప్పలేదు.

ఇంటికి రాగానే నాన్న మంచం ఎదురుగా స్టూలు వేసి ఆంపు పెట్టాడు. పెట్టె మీద చిన్న ఎర్రదీపం వెలిగింది. నాన్నకి బాగా ఇష్టమైన పాత పాట ఎత్తుకున్నాడు. నేను వంటింటి గుమ్మంలో నిలబడి నాన్న వేళ్లనే చూస్తున్నాను. నాన్న ఆ ఎర్రదీపాన్ని చూశాడు, మా ఆయన వేళ్లని చూశాడు, తర్వాత కిటికీ వైపు తిరిగిపోయాడు. మా ఆయన శబ్దం పెంచాడు. ఇంకా పెంచాడు. ఎదురింటావిడ తలుపు తీసి తొంగిచూసింది. నాన్న మాత్రం తిరగలేదు.

“ఇంక నా వల్ల కాదు,” అన్నాడు మా ఆయన. “పైన అన్నయ్యదే వింటాడు. వెళ్లనీ.”

లోపల పెట్టేద్దామని గిటారు మెడలో ఉండగానే, ఆంపుని ఆపకుండానే ఎత్తాడు. వైరు స్టూలు కాలికి చుట్టుకుంది. దాన్ని విప్పడానికి పెట్టెని ఒక్క క్షణం నాన్న మంచం అంచున పెట్టాడు. గిటారు కదిలి ఒక తీగ మోగింది. నాన్న ఉలిక్కిపడి, చెయ్యి చాపి అరచేతిని ఆ చెక్క మీద పెట్టాడు.

“నడుస్తోంది,” అన్నాడు.

నాకు మిల్లు గుర్తొచ్చింది. ఆ రోదలో ఎవరికీ ఏమీ వినపడేది కాదు. యంత్రం సరిగ్గా తిరుగుతోందా లేదా అన్నది నాన్న దాని పక్కన అరచెయ్యి ఆనించి చెప్పేవాడు. మా ఆయన మంచం మీదే కూర్చుని మళ్లీ పాట అందుకున్నాడు. నాన్న కళ్లు మూసుకున్నాడు. ఒక చెయ్యి పెట్టె మీద, రెండో చేతి వేళ్లు మోకాలి మీద. తాళం తప్పలేదు. దుకాణంలో చూసిన ఆ పెద్ద ఆంపే కొనుంటే మంచం మీదికి వచ్చేదే కాదు. మా ఆయన వాయిస్తూ ఏడుస్తున్నాడు, నేనూ ఏడుస్తున్నాను, నాన్న ఒక్కడే నవ్వుతున్నాడు.

అప్పుడే అక్కా బావగారూ వచ్చారు. అక్క చేతిలో నాన్న బట్టల కోసం సంచి.

“పద నాన్నా,” అంది పైకి చూపిస్తూ. “మీ బావగారు ఆంపుకి ఎదురుగా మెత్త వేసి కుర్చీ కూడా సర్ది పెట్టారే,” అంది నాతో.

“ఇప్పుడెందుకే పైకి?” అన్నాడు నాన్న గట్టిగా. వినపడని మనిషి కదా, ఏ మాటైనా వీధంతటికీ చెబుతాడు. “అల్లుడు ఇవాళ నా ముందే వాయిస్తున్నాడు. ఇన్నాళ్లూ ఎదురుగా కూర్చుని ఊరికే తీగలు కదిపేవాడు. ఏమీ వచ్చేది కాదు. తర్వాత లోపలికి పోయి తలుపేసుకునేవాడు. అప్పుడు గోడంతా మోగేది. చెయ్యి పెట్టి వినేవాణ్ణి. నా ముందు వాయించడం ఇష్టం లేదేమో, ఈ ముసలాడు అడ్డమైపోయాడేమో అనుకున్నా. అందుకే నీ దగ్గరికి వస్తానన్నాను.”

బావగారు గుమ్మంలోనే నిలబడిపోయారు. కారు నేర్చుకోవడానికి వచ్చినవాళ్లందరికీ మామగారి తాళం గురించి చెప్పుకునే మనిషి ఆయన. అక్క సంచిని మడతలు పెడుతోంది, విప్పుతోంది.

నేను గెలిచాను. అక్క ముందు, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి గెలిచాను.

మా ఆయన బావగారి మొహం చూశాడు. ఇన్నాళ్లూ ఎవరి పేరు చెబితే మెడ మీద నరం లేచేదో, ఆ మనిషి మొహం చూసి తల దించుకున్నాడు. తర్వాత నాన్న వైపు వంగి, “గోడలో మోగింది నాది కాదు మామయ్యా. అన్నయ్యది,” అన్నాడు. వద్దని నేను తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాను. నాన్నకి వినపడలేదు. మా ఆయన ఇంకాస్త గట్టిగా చెప్పాడు. నాన్న తల ఊపి నవ్వి, నా వైపు తిరిగాడు.

“ఏమంటున్నాడే చిన్నీ?”

అందరూ నన్నే చూశారు. అక్క నన్ను బతిమాలుతున్నట్టు చూసింది, అది అలా చూడటం అంతకుముందు నేనెప్పుడూ ఎరగను. బావగారు ఒక అడుగు లోపలికి వేశారు. నేను మంచం దగ్గరికి వెళ్లి, నాన్న చెవిలో నోరు పెట్టాను.

“ఇంకో పాట వాయిస్తాడట నాన్నా,” అన్నాను.

“కానియ్యమను మరి,” అన్నాడు నాన్న, అరచేతిని పెట్టె మీద సర్దుకుంటూ.

మా ఆయన చాలాసేపు నా వంకే చూసి, తీగల మీద చెయ్యి వేశాడు. మెట్లెక్కి వెళ్లిపోతున్న బావగారి చెప్పుల చప్పుడు నాన్నకి తప్ప మా అందరికీ వినపడింది.