గుడి లేని యాత్ర

సిద్దిపేటలో ఎవరి ఇంట్లోనైనా పెద్దవాళ్లకు కాశీ మీదికి మనసు పోతే ముందు ప్రమీలాదేవికి ఫోను చేస్తారు. రైలు టికెట్ల సంగతి తర్వాత. ఇరవై ఏళ్లుగా ఇదే వరుస. ఆమె మాట్లాడే బస్సుల మీద ఏవేవో పేర్లు రాసి ఉంటాయి కానీ, ఊరికి మాత్రం అది ప్రమీలమ్మ బస్సు.

ఈ పని ఆమె కావాలని మొదలుపెట్టింది కాదు. నారాయణరావుపేటలో పొలాలు, సిద్దిపేటలో ఎరువుల దుకాణం ఉన్న ఇంటికి కోడలిగా వచ్చింది. అత్తగారికి గంగలో మునగాలని ఒకటే పట్టు. భర్త దామోదర్ దుకాణం వదిలి రావడం కుదరదన్నాడు. అసలు కారణం దుకాణం కాదని ప్రమీలకు తెలుసు. చిన్నప్పుడు ఆయన మోటబావిలో పడి మునిగిపోతుంటే ఎవరో జుట్టు పట్టుకుని పైకి లాగారు. అప్పటినుంచి మోకాలి లోతు నీళ్లన్నా ఆయనకు ఒళ్లు బిగుసుకుపోతుంది. అందుకని ప్రమీలే వీధిలోని పెద్దవాళ్లను పోగుచేసి, బస్సు మాట్లాడి, అత్తగారిని తీసుకుపోయి గంగలో ముంచి తీసుకొచ్చింది. వచ్చిన వారానికే వెనక వీధివాళ్లు తమనెప్పుడు తీసుకుపోతావని అడిగారు.

ఆమెకు పని తెలుసు. ఎవరికి షుగరు, ఎవరికి మోకాళ్ల నొప్పి, ఎవరు అన్నం లేకపోతే అలుగుతారు, అన్నీ నోటికి వచ్చు. బస్సు ఆగిన ప్రతిచోటా తలుపు దగ్గర నిలబడి తలలు లెక్కపెడుతుంది. ఆ లెక్క కుదిరేదాకా డ్రైవరు బండి కదిలించడు. హరిద్వార్‌లో ఒకసారి రాజమల్లయ్య అనే కరెంటు ఆఫీసు రిటైర్డ్ లైన్‌మన్ గుంపులో తప్పిపోతే, దొరికేదాకా ఆమె ఆ మెట్ల మీదినుంచి కదల్లేదు. దొరికాక ఒక్క మాట కూడా అనలేదు. ఆయన ఆ తర్వాత ఏ యాత్రా వదల్లేదు.

అట్లా ఏ యాత్రా వదలని ఇంకొకరు అనసూర్య. ములుగు దవాఖానలో నర్సుగా చేసి రిటైరైంది. రామేశ్వరం నుంచి తిరిగి వస్తుంటే బస్సులో ఆమె ప్రమీల పక్కకు వచ్చి కూర్చుంది.

"అక్కా, దేవుళ్లందర్నీ చూసినం. ఇగ గుడి లేని జాగకు ఒక్కపారి తీస్కపో. మొక్కేది లేకుంట, ఊకె చూసొచ్చే జాగకు."

అంటూ ఫోనులో ఒక వీడియో చూపించింది. సముద్రం మీద మంచుకొండలు తేలుతున్నాయి. వాటి నడుమ నుంచి అగ్గిపెట్టెంత ఎర్ర పడవ పోతోంది. వెనక సీటులోంచి తొంగిచూసిన రాజమల్లయ్య భార్య కొమురవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ప్రమీల నవ్వలేదు. వీడియో మళ్లీ ఒకసారి పెట్టించుకుని చూసింది.

"గిదెక్కడ?"

"గ్రీన్‌లాండ్ అంట. ఉత్తర ధ్రువం దిక్కు."

ఇంటికి వచ్చాక ప్రమీల ఆ పని మీద కూర్చుంది. హైదరాబాదులో ఇట్లాంటి యాత్రలు నడిపే ఏజెన్సీ పట్టుకుంది. వాళ్లు ముందు, మీ వయసువాళ్లకు అది కష్టం మేడమ్ అన్నారు. మా వయసువాళ్లు కేదారనాథ్ నడిచి ఎక్కారని చెప్పి, వీసాకు ఏమేం కావాలో అడిగింది. ఏడుగురు తేలారు. వాళ్లందరినీ పొద్దున్నే కోమటిచెరువు కట్ట మీద నడిపించింది. పడవ అలవాటు కావాలని ఆ చెరువులోనే లైఫ్ జాకెట్లు వేయించి తిప్పించింది. దామోదర్ రోజూ కారులో దింపడానికి వచ్చేవాడు. వాళ్లు పడవ ఎక్కితే అందరి చెప్పులూ సంచులూ కాపలా కాస్తూ గట్టు మీద ఉండిపోయేవాడు.

ఒక రోజు ఇంట్లో అన్నం తింటున్నప్పుడు ఆమె మాట ఎత్తింది.

"ఈసారి మీరు గూడ రాండ్రి."

నీళ్ల సంగతి తెలిసి కూడా ఎందుకడుగుతున్నావని ఆయన అన్నాడు. రానని చెప్పడానికి దుకాణం పేరు కూడా ఎత్తలేదు.

"తెలుసు. ఇన్నేండ్లల్ల నేను ఒక్కసారన్న రమ్మన్ననా? నేను తీస్కపోయేటోళ్లు బస్సు నిండ ఉంటరు. నా పక్కన కూసునే మనిషి ఒక్కరు లేరు."

దామోదర్ చెయ్యి కడుక్కుని వెళ్లిపోయాడు. రెండు రోజులు ఆ ఊసే ఎత్తలేదు. మూడో రోజు దుకాణం నుంచి వస్తూ పాస్‌పోర్టు ఫోటోలు దిగి వచ్చాడు.

విమానాలు మారి మారి వాళ్లు దిగిన ఊరు రాతిగుట్టల మీద ఉంది. ఇళ్లకు ఎరుపు, పసుపు, నీలం రంగులు. ఊరి చివర గొలుసులకు కట్టేసిన, మంచు మీద బండ్లు లాగే కుక్కలు ఒకటి మొదలుపెడితే అన్నీ ఊళ వేస్తున్నాయి. ఆగస్టు నెలలోనూ చలి చెవులు కోస్తోంది. హోటలు కిటికీలోంచి చూస్తే గుట్టల అవతల తెల్లగా ఏదో కనిపించింది. అది మబ్బు అనుకున్నారు. మబ్బు కాదు, ఫియర్డ్ నిండా మంచుకొండలు అని హోటలు అమ్మాయి చెప్పింది. కొండల నడుమకు చొచ్చుకువచ్చిన సముద్రపు పాయను అక్కడ ఫియర్డ్ అంటారు. పాయకు ఆ చివర మంచునది విరిగి నీళ్లలో పడుతుంది. ఆ ముక్కలే ఏళ్ల తరబడి మెల్లగా కదులుతూ సముద్రంలోకి వస్తాయి.

మొదటి రోజు పొగమంచు కమ్మి పడవలు కదల్లేదు. వచ్చిందే దీనికోసం కదా అని ఇద్దరు ముగ్గురు గొణిగారు. పడవ నడిపేవాళ్లు వద్దన్నాక నేను పొమ్మనను అని ప్రమీల తేల్చి చెప్పి, అందరికీ వేడి అన్నంలో మామిడికాయ తొక్కు కలిపి పెట్టింది. గొణుగుడు ఆగిపోయింది.

మర్నాడు ఎండ వచ్చింది. వాళ్ల పడవ కెప్టెన్ నివి అనే ఆవిడ. నలభై ఏళ్లుంటాయి. మాటలు తక్కువ. బయలుదేరే ముందు ఒకటే చెప్పింది: నేను కూర్చోండి అంటే ఎవరు ఎక్కడుంటే అక్కడ కూర్చోవాలి, ఎందుకని అడగొద్దు. ప్రమీల ఆ మాట తెలుగులో చెప్పి, అందరితో ఒకసారి అనిపించింది. దామోదర్ గట్టున కాసేపు ఆగి, ఎవరి వంకా చూడకుండా ఒక్క అంగలో పడవలోకి దిగాడు. నేరుగా క్యాబిన్‌లోకి పోయి, బల్ల అంచు రెండు చేతులా పట్టుకుని కూర్చున్నాడు.

పడవ మంచు మధ్యకు చేరింది. దూరంగా కొన్ని కొండలు కోట గోడల్లా నిలువుగా ఉన్నాయి. కొన్ని నీళ్లు తాగడానికి వంగిన ఎడ్లలా ఉన్నాయి. పగుళ్లలో నీలిమందు పోసినంత నీలం. చుట్టూ తేలుతున్న చిన్న ముక్కల్లోంచి, మంగలంలో జొన్న ప్యాలాలు వేగుతున్నట్టు చిటపట శబ్దం. నివి ఇంజిను ఆపింది. అనసూర్య రెండు చెంపలకూ చేతులు ఆనించుకుని ఉండిపోయింది. గుడి లేకపోయినా కొమురవ్వ దండం పెట్టుకుంది.

ప్రమీల మాత్రం పడవ ముందుభాగంలో నిలబడి, కొమురవ్వ శాలువా జారుతోందని సరిచేస్తోంది. రాజమల్లయ్య కడ్డీ మీద ఎక్కువ వంగాడని వెనక్కి లాగుతోంది.

అప్పుడు ఉరిమినట్టు శబ్దమైంది. ఆకాశంలో మబ్బు లేదు. చాలా దూరంలో ఉన్న ఒక మంచుకొండ మెల్లగా ఒరగడం మొదలుపెట్టింది. నిద్రలో మనిషి పక్కకు తిరిగినట్టు తిరిగి, నీళ్ల అడుగున దాగిన భాగాన్ని పైకి తెచ్చింది. అది గాజులా నున్నగా, నీలంగా ఉంది. నివి కూర్చోండని గట్టిగా అరిచింది. వెంటనే ఇంజిను నడిపించింది. అల పక్కనుంచి తగిలి పడవ ఒరగకుండా, ముక్కు ఆ కొండ వైపే తిప్పింది.

అందరూ కూర్చున్నారు. అందరూ కూర్చున్నారా లేదా అని లెక్కపెడుతూ ప్రమీల ఒక్కతే నిలబడి ఉంది.

అల పడవను ఎత్తి దించింది. ఆమె కాళ్ల కింద పలక జారింది. ఎడమ చెయ్యి కింద ఆనించి పడింది. మణికట్టులో ఏదో పుటుక్కుమంది. రెండో అల చిన్నది, మూడోది ఇంకా చిన్నది. నీళ్లు సర్దుకునేసరికి ఆమె పక్కన ఎవరో మోకాళ్ల మీద ఉన్నారు. దామోదర్. క్యాబిన్ నుంచి ఆ తడి పలకల మీద పాకుతూ వచ్చాడు. ప్యాంటంతా తడిసిపోయింది. మొహంలో నెత్తురు లేదు. కానీ ఆమెను పట్టుకున్న చెయ్యి గట్టిగానే ఉంది.

అనసూర్య వచ్చి వేళ్లు కదిలించమంది, గోళ్ల రంగు చూసింది. పడవలోని మందుల పెట్టె తెప్పించి, చెక్కపట్టీ పెట్టి కట్టింది. మెడలోకి శాలువాతో ఊయల కట్టి చెయ్యి అందులో పెట్టింది. విరిగి ఉంటుందని, అయినా ప్రమాదమేమీ లేదని చెప్పింది. వెనక్కి తిప్పమంటారా అని నివి అడిగింది. చూసింది చాలు, పోదామని రాజమల్లయ్య అన్నాడు. తక్కినవాళ్లూ సరే సరే అన్నారు. అందరి కళ్లూ ప్రమీల మీదే ఉన్నాయి.

"నీకేం కావాలె, ప్రమీలా?" అన్నాడు దామోదర్.

ఇన్నేళ్లలో ఇన్ని యాత్రల్లో ఆమెను ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు. జవాబు మాత్రం వెంటనే వచ్చింది.

"నాకు చూడాలని ఉన్నది. మీరంత చూసిన్రు. నేనింక చూడనే లేదు."

నివి అనసూర్య వైపు చూసింది. కొంతసేపైతే ఫరవాలేదని అనసూర్య తలూపింది. పడవను పెద్ద కొండలకు ఇంకా దూరంగా తీసుకుపోయి, ఎండ పడుతున్న వైపు మళ్లీ ఇంజిను ఆపింది నివి. ప్రమీలను బెంచీ మీద కూర్చోబెట్టారు. అలవాటుగా ఆమె తల వెనక్కి తిప్పబోతే కొమురవ్వ ఆపేసింది.

"అందరున్నరు అక్కా. నేను లెక్కవెట్టిన. నువ్వు అటు చూడు."

ఆమె అటు చూసింది. ఎండకు మంచు అంచుల నుంచి నీళ్లు ధారలుగా కారుతున్నాయి. ఒక తెల్లటి పిట్ట కొండ చుట్టూ తిరిగి దాని నెత్తిన వాలింది. పిట్ట అంత చిన్నగా కనిపించాక గానీ ఆ కొండ ఎంత పెద్దదో ఆమెకు అర్థం కాలేదు. కాశీలో హారతి అంటే ఆమెకు గుర్తొచ్చేది తడి మెట్లు, వాటి మీద ముసలి పాదాలు. రామేశ్వరం అంటే పొడవాటి లైను, ఎవరికి కళ్లు తిరుగుతున్నాయోనన్న దిగులు. దానికి ఆమె చింతపడలేదు. అది తను ఇష్టపడి చేసిన పని, బాగా చేసింది. ఇప్పుడు చెయ్యడానికి పనేమీ లేదు. చెయ్యి సలుపుతూనే ఉంది. అయినా కడుపు నిండా చూసింది.

కొంతసేపటికి పక్కన ఉన్న మనిషి గుర్తొచ్చి, భయమైతలేదా అని అడిగింది.

"అయితంది," అన్నాడు దామోదర్. "అయినా లేవబుద్ధయితలేదు."

ఆ ఊరి ఆసుపత్రిలో ఎక్స్‌రే తీసి కట్టు వేశారు. నివి దగ్గరుండి తీసుకుపోయింది, అయ్యేదాకా బయట కూర్చుంది. సిద్దిపేటకు వచ్చాక వారం రోజులు ఇంటి నిండా జనమే. మంచుకొండల సంగతి అడిగినవాళ్లందరికీ ప్రమీల చెప్పింది. ఆ రంగులు, ఆ చిటపటలు, ఆ పిట్ట, ఏదీ వదలకుండా చెప్పింది. ఇంతకుముందు ఏ యాత్ర నుంచి వచ్చినా భోజనాలు, బసలు ఎట్లా కుదిరాయో చెప్పేదే గానీ ఇట్లా చెప్పడం ఎవరూ వినలేదు. తర్వాతి యాత్రకు బస్సులో వెనక సగం లెక్క కొమురవ్వకు అప్పగించింది. ముందు వరుసలో కిటికీ పక్క సీటు తన పేరున రాసుకుంది.

కట్టు విప్పించుకోవడానికి దామోదర్ ఆమెను ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు. కొత్తగా వచ్చిన డాక్టరు. చెయ్యి అటూ ఇటూ తిప్పి చూసి, ఎట్లా విరిగిందని అడిగాడు.

"మంచుకొండ పల్టీ కొట్టింది," అంది ప్రమీల.

డాక్టరు ఆమెనొకసారి, దామోదర్‌నొకసారి చూశాడు.

"నిజమే సార్," అన్నాడు దామోదర్, కుర్చీలో కాస్త ముందుకు జరిగి. "నేను గూడ గాడనే ఉన్న. పడవల."