అయ్యగారు చెప్పిన పౌలు

తొంభైల నడిమిలో, ఏడాదికి పైగా, వారానికి మూడు సాయంత్రాలు నేను తార్నాకలో ఒక ఇంటికి వెళ్లేవాణ్ణి. హాస్టల్ నుంచి కాంపస్ లోపలి రోడ్డు మీద నడిస్తే ఇరవై ఐదు నిమిషాలు పట్టేది. బస్సులు ఉండేవి కానీ, ఫుట్‌బోర్డు మీద వేలాడటం నాకు అలవాటు కాలేదు. మా ఇంట్లో మగవాళ్లెవరూ బస్సెక్కి ఎరగరని నాయనమ్మ చెప్పేది. ఆమె ఆ మాట అనేనాటికే మాకు బస్సు తప్ప వేరే బండి లేదు.

మాది ఒకప్పుడు ఊళ్లో గడి, కోట లాంటి దొరల ఇల్లు, ఉన్న కుటుంబం. నాకు ఊహ తెలిసేసరికి భూములు పోయాయి, గడీ పోయింది. మిగిలింది ఇంటిపేరు. దాన్ని నేను జాగ్రత్తగా వెంట పెట్టుకు తిరిగేవాణ్ణి. మెస్సులో ప్లేటు పట్టుకుని వరసలో నిలబడ్డప్పుడు కూడా నడుము వంచేవాణ్ణి కాదు. తోటివాళ్లు నా వెనక "దొర" అనేవారు. అందులో వెక్కిరింత ఉందని తెలుసు. మాట మాత్రం తప్పని నాకు అనిపించలేదు.

నా పరిశోధన రోమన్ల కాలంలో మన తూర్పు తీరంలో సాగిన వర్తకం మీద. కొంతైనా గ్రీకు రాకపోతే లాభం లేదన్నారు మా ప్రొఫెసర్. తార్నాకలో రిటైరైన పాస్టరు ఒకాయన ఉన్నాడనీ, పాస్టర్లయ్యేవాళ్లకు చాలా ఏళ్లు గ్రీకు చెప్పాడనీ ఆయనే చిరునామా రాసిచ్చారు.

రెండు గదుల పోర్షన్. ముందు గదిలో బల్ల, రెండు కుర్చీలు, గోడ నిండా పుస్తకాలు. పెద్దాయనకు డెబ్బై దాటాయి. కళ్లలో నీటికాసులు. ఎదురుగా ఉన్నది గొట్టంలోంచి చూసినట్టు కనిపిస్తుంది, పక్కన ఏముందో తెలియదు. ఆ కాస్త చూపు కూడా ఎక్కువ కాలం నిలవదని డాక్టరు చెప్పాడట.

"గ్రీకు చెప్త బిడ్డా. దానికి బదులు నువ్వు నాకొక పని చెయ్యాలె," అన్నాడు. "పౌలు మీద పాఠాలు చెప్త, రాసిపెట్టు. ఊర్లల్ల సంఘాలు నడిపే పిల్లగాండ్లకు. పెద్ద చదువులు లేనోళ్లు. చూపు పోయేలోపల గా ఒక్క పుస్తకం వాళ్ల చేతుల పెట్టాలె."

ఆ మొదటి రోజే, మరొకరు తమ తండ్రి ఉద్యోగం చెప్పినట్టుగా, తన తండ్రి ఊళ్లో చెప్పులు కుట్టేవాడనీ, బావి నీళ్లు తోడే మోటలకు తోలు తొండాలు కుట్టేవాడనీ చెప్పాడు. చెప్పులు కుట్టేవాళ్ల వాడ నుంచి వచ్చిన మనిషి నన్ను నువ్వు అనడం నా జీవితంలో అదే మొదలు. ఆయన సంఘంలో అందరూ ఆయన్ని అయ్యగారు అనేవారు. మా ఇంట్లో ఆ మాట పూజ చేయించే బ్రాహ్మణుడికి. నేను "సార్" అని సరిపెట్టాను.

ఆయన కూతురు బడిలో టీచరు. భర్త పోయాక తండ్రి దగ్గరే ఉండేది. నా సంచిలో నీళ్ల బాటిల్ ఉండటం రెండో రోజే గమనించింది.

"గా బాటిల్ల ఏం నీళ్లు సార్?"

"హాస్టల్ నీళ్లు."

"మా నల్లాల వచ్చేది గూడ మంజీరా నీళ్లే. గదే పైపు."

"ఊరి నీళ్లు మారితే గొంతు పట్టుకుంటుంది."

"చాయ్‌కి పట్టుకోదు గద," అని కప్పు పెట్టి లోపలికి పోయింది.

పాఠాలు అలా మొదలయ్యాయి. మొదటి గంట గ్రీకు, రెండో గంట పౌలు. ఆయన కళ్లు మూసుకుని చెప్పేవాడు, నేను మామూలు తెలుగులోకి మార్చి రాసుకునేవాణ్ణి. పౌలు యేసు వెంట తిరిగిన పన్నెండుమందిలో ఒకడు కాదు. అయినా అపొస్తలుడని, అంటే యేసు పంపినవాడని, తనను తాను చెప్పుకున్నాడు, లోకం ఒప్పుకుంది. తార్సులో పుట్టిన యూదుడు. గోత్రం, గురువు, చదువు, పుట్టుకతో వచ్చిన రోమా పౌరసత్వం, అన్నీ చెప్పుకోదగినవే. తొలి విశ్వాసులను ఇళ్లలోంచి ఈడ్చి జైళ్లలో వేయించినవాడు. దమస్కు దారిలో వెలుగు చూసి కిందపడి, మూడు రోజులు చూపు లేకుండా ఉండి, లేచాక పాత గొప్పలన్నీ వదిలి, ఆ మతాన్నే మోసుకుని ఊరూరా తిరిగాడు.

పౌలు పుట్టుక గురించి నేను ఇష్టంగా రాశాను. కూతురు చదివి వినిపిస్తే పెద్దాయన నవ్వాడు.

"వంశం రెండు పేజీలు, దాన్ని ఇడిచిపెట్టుడు నాలుగు లైన్లా? గంత జల్ది ఇడిచిండా పౌలు?"

"సార్‌కు ఇడుచుడు రాయరాదేమో నాయినా," అంది కూతురు.

ఆ పాఠం మళ్లీ రాశాను.

అంతియొకయలో జరిగిన గొడవ గురించి ఆయన రెండు సాయంత్రాలు చెప్పాడు. ఆ పన్నెండుమందిలో ముఖ్యుడైన పేతురు అక్కడ యూదులు కానివాళ్లతో కలిసి తినేవాడు. యెరూషలేము నుంచి కొందరు యూదులు వచ్చేసరికి ఆ బంతి లోంచి మెల్లగా తప్పుకున్నాడు. పౌలు అందరి ముందూ అతన్ని నిలదీశాడు. "గా రోజు పౌలు ఊకున్నడనుకో, గీ మతం ఒక్క జాతి దగ్గర్నే ఆగిపోతుండె. నా దాకా రాకపోతుండె," అన్నాడు పెద్దాయన. నా బాటిల్ బల్ల మీద ఉంది. ఆయనకు అది కనిపించే వీలు లేదు. కూతురికి కనిపించింది. చాయ్ కప్పు తెచ్చి దాని పక్కనే పెట్టింది.

తర్వాతి వారం కొరింథు పాఠం. పౌలు అక్కడ తన పని తెలిసిన ఒక దంపతుల ఇంట్లో ఉండి, పగలు డేరాలు కుడుతూ బతికాడు. పెద్దాయన ఇలా చెప్పాడు: "ఆ కాలంల డేరాలు తోలుతోటి కుట్టేటోళ్లు. అంటే పౌలు తోలు పని చేసిండు. తోలు కుట్టే ఆరె చేతిల పట్టిండు. ఆ మనిషే సంఘాలకు ఉత్తరాలు చెప్పి రాయించిండు. ఇది మంచిగ రాయి బిడ్డా. మన పిల్లగాండ్లు బైబిలు చేతిల పట్టంగనే నాయిన ఏం పని చేసిండో దాస్తున్నరు."

నేను రాయలేదు. కలం కాగితం మీద పెట్టి, రాస్తున్నట్టు ఉన్నాను. మరునాడు కాంపస్ లైబ్రరీలో వెతికాను. తార్సు వైపు మేక వెంట్రుకలతో ముతక బట్ట నేసేవారనీ, పౌలు డేరాలు ఆ బట్టతో కుట్టి ఉండవచ్చనీ కొందరు పండితులు అనుకున్నారు. నాకు అది చాలు. శుద్ధప్రతిలో "పౌలు మేక వెంట్రుకల బట్టతో డేరాలు కుట్టేవాడు" అని ఒక్క వాక్యం రాశాను. ఆరె లేదు, తోలు లేదు, తండ్రులు లేరు. ఆధారం దొరికింది కనుక మార్చానని నాకు నేను చెప్పుకున్నాను. వెతకడానికి వెళ్లింది మాత్రం ఆ మాట తీసేయడానికే. రోమా పౌరుడైన పండితుడి పక్కన ఆ పని నా కంటికి ఆనలేదు.

పుస్తకం అచ్చుకు వెళ్లే ముందు ఆదివారం, ఆరాధన అయ్యాక, కూతురు మొత్తం ప్రతి పైకి చదివింది. ఆ వాక్యం దగ్గర పెద్దాయన చెయ్యెత్తాడు.

"మళ్లీ చదువమ్మా."

ఆమె చదివింది.

"నేను గిట్లనే చెప్పిన్నా?"

నేను లైబ్రరీలో చూసిన సంగతి చెప్పాను. ఆయన చివరిదాకా విన్నాడు.

"గట్ల గూడ అంటరు. నాకు ఎరుకే, నలభై ఏండ్లు చెప్పిన గద. ఆ మాట గూడ రాయి, తప్పేం లేదు. గని నాది తీసి అది పెట్టినవ్." నా వైపు తిరిగి అడిగాడు: "మీ గడిల చెప్పులు ఎవరు కుట్టేటోళ్లు?"

"ఊళ్లో ఒకతను ఉండేవాడు."

"పేరు?"

నాకు తెలియదు. ఆ చెప్పులు గుర్తున్నాయి. కొత్తవాటికి ఆముదం రాసి ఎండకు పెట్టేవారు, గడపకు కుడివైపు. మనిషి గుర్తులేడు.

"నాకు చూపుంటే చదువుకుంట కూసొని దిద్దుకుందును," అన్నాడు. "ఇప్పుడు నువ్వేది రాస్తే గదే పౌలు." గొంతు పెంచలేదు. ఆ పేజీ, కలం అడిగి తీసుకుని, కాగితానికి ముఖం ఆనించి, అడుగున ఖాళీలో రాయడం మొదలుపెట్టాడు. మూడు వాక్యాలకు చాలా సేపు పట్టింది. వేలెడేసి అక్షరాలు, ఒకదాని మీద ఒకటి ఎక్కాయి. పౌలు కూడా ఇలాగే చేసేవాడని ఆయనే ఒకసారి చెప్పాడు. ఉత్తరం వేరొకరి చేత రాయించి, చివర తన చేత్తో పెద్ద అక్షరాలతో కొంత రాసేవాడట. ఒక ఉత్తరంలో రాతగాడు కూడా చివర తన పేరు చెప్పుకుని ఒక పలకరింపు చేర్చాడు.

"నువ్వు గూడ ఒక మాట రాసుకో," అన్నాడు కలం ఇస్తూ. "పౌలు రాతగాడు రాసుకోలేదా?"

నేను రాయలేదు. మా ఇంటిపేరు ఆ పుస్తకంలో ఉండటం ఊహించుకోలేకపోయాను.

సోమవారం కాగితాలు తీసుకుని తార్నాక చౌరస్తా దగ్గర డీటీపీ సెంటర్‌కు వెళ్లాను. దారిలోనే నా వాక్యం పక్కన ఆయన చెప్పిన తోలు సంగతి, చెప్పింది చెప్పినట్టు ఎక్కించాను. అడుగున రాసినవి అలాగే ఉన్నాయి. లోపల మా డిపార్ట్‌మెంటువాళ్లే ఇద్దరు థీసిస్ టైపు చేయించుకోవడానికి కూర్చుని ఉన్నారు. టైపు చేసే అమ్మాయి ఆ పేజీ దగ్గర ఆగింది.

"ఏంది సార్ ఇది? ఏం సమజైతలేదు. జర చదువుండ్రి, కొడ్త."

అంతదాకా విని రాసినవాణ్ణి, ఆ పూట చెప్పి రాయించాల్సి వచ్చింది. నిలబడి చదివాను. "పౌలు తోలు పని చేసినవాడు. మా నాయన గూడ అదే పని చేసిండు. ఇది నా చేత్తో రాస్తున్న."

కీబోర్డు చప్పుడు ఆగింది. ఆమె తల తిప్పి చూసింది. "మా నాయన అంటే మీ నాయిననా సార్?"

ఆ ఇద్దరూ నా వైపు చూస్తున్నారు. వాళ్లలో ఒకడు నాకు దొర అని పేరు పెట్టినవాడే.

"కాదు," అన్నాను. "మా అయ్యగారి నాయన."

అయ్యగారు అని నేను అనడం అదే మొదటిసారి. ఆమె అదేమీ పట్టించుకోకుండా టైపు చేసి, కింద ఇంకేమైనా ఉందా అని అడిగింది. పాఠాలు విని రాసింది ఫలానా అని ఒక వరస చెప్పాను.

"ఇంటిపేరు?"

"ఇంతే చాలు."

పుస్తకం వచ్చేనాటికి అయ్యగారికి కిటికీ వెలుగు తప్ప ఏమీ తెలిసేది కాదు. ఊళ్ల నుంచి వచ్చిన నలుగురు యువకులు ప్రతులు తీసుకుపోయారు. వాళ్లలో ఒకడు కొరింథు పాఠం గదిలోనే నిలబడి చదివి, సంచిలో పెట్టుకున్నాడు. ఆ ఇంట్లో నేను నీళ్లు తాగడం ఎప్పుడు మొదలుపెట్టానో గుర్తులేదు. ఆ రోజు మాత్రం బాటిల్ తీసుకెళ్లలేదు.

అయ్యగారు ఆ పేజీ తెరిపించి వేళ్లతో తడిమాడు.

"నా అక్షరాలు గట్లనే వంకర పడ్డయా?"

"లేదు అయ్యగారూ. అచ్చులో అన్నీ ఒకే సైజు. మీవీ నావీ తేడా తెలియదు."

"పౌలువి మాత్రం ఎవరు చూసిండ్రు?" అన్నాడు. "పెద్దక్షరాలని చెప్పిండు గని, ఆ కాగితం ఏనాడో పోయింది. ఎనుక నకలు రాసినోళ్లు ఆ మాట తియ్యలే. గంతే."