రెండుసార్లు లాగిన తాడు

నీళ్ల అడుగున గుండె జారిపోతే ఏం చేస్తావు సోదరా? ఆ సంగతి తెలిసిన మనిషి, మా మేనమామ, మొన్న ఆదివారం కడప ఆసుపత్రిలో నా చెయ్యి పట్టుకొనే కన్నుమూశాడు.

వీపున గాలి సిలిండర్ కట్టుకొని దిగి, జలాశయాల గేట్లు బాగుచేయడం ఆయన పని. ఆయన తమ్ముడిదీ అదే పని. ఒకనాడు దిగిన తమ్ముడు పైకి రాలేదు. మామే దిగి శవాన్ని తెచ్చాడు. నోట్లోంచి గొట్టం ఊడిపోయింది, సిలిండర్లో గాలి మాత్రం సగం మిగిలే ఉంది. భయమేస్తే నడుముకు కట్టిన తాడు రెండుసార్లు లాగాలి, పైవాళ్లు చేదుకుంటారు. తమ్ముడు లాగలేదు. ఆ రోజు గట్టున తాడు పట్టుకున్నది అతని బావమరుదులు. వాళ్లకు భయం చూపిస్తాడా? అదీ మన సీమ పౌరుషం!

తర్వాత పనిలోకి వచ్చిన ప్రతివాణ్ణీ మామ ముందుగా నీళ్లు నిండిన నాపరాయి గనిలో దించేవాడు. భయం లేకున్నా సరే, రెండుసార్లు లాగించేవాడు, సిగ్గు చావాలని.

"లాగితే మా బామ్మర్ది ఊరంతా చాటింపు ఏస్తాడు మామా" అని ఒకడు నవ్వాడు.

"ఏయనీలేప్పా. ఇనేదానికి నువ్వుంటావు గదా."

నవ్వినవాడే ముందుగా నడుముకు తాడు కట్టుకున్నాడు.

"కాళ్లు కొట్టుకోవద్దు. రాయి పట్టుకో. ఊపిరి నిదానంగా ఇడువు, శానా నిదానంగా. బిగబట్టి పైకెగిరితే రొమ్ము పగుల్తాది" అనేవాడు.

చర్చిలో ప్రసంగాలు చేసే నన్నూ వదల్లేదు. "భయపడొద్దు, భయపడొద్దు అని అరుస్తాండావే, భయపడినోడు యాడికి పోవల్ల?"

నేను బైబిలు తెరిచాను. అగాధంలోంచి మొరపెట్టిన భక్తులను చూపించాను. వాళ్లలో ఒక్కడైనా దేవుని ముందు మీసం మెలేశాడా?

"అదీ! అది చెప్పు" అన్నాడు.

మామకు ఊపిరితిత్తులు చెడి, ఆఖరికి మాట కూడా పడిపోయింది. మంచం పక్కన నేను గొంతెత్తి ప్రార్థిస్తున్నాను. నా వేలు ఒకసారి లాగాడు. మళ్లీ లాగాడు. నా నోట ప్రార్థన ఆగిపోయింది. పైకి చేదుకునే బలం నాకు లేదు. ఆ వేళ్లు చల్లబడేదాకా పట్టుకొని కూర్చున్నాను.

మీ ఇంట్లో భయాన్ని మింగుకొని తిరిగేవాడు ఉన్నాడు. అది నువ్వే కావచ్చు. ఆదివారం దాకా ఆగొద్దు. ఈ పూటే ఒకరి చెయ్యి పట్టుకో. సిగ్గుపడకుండా, రెండుసార్లు లాగు.