వదిన చేతులకి పదిహేను రోజులు

మా అన్నయ్య బైండింగ్ షాపు ఉన్న గదిలో ఇప్పుడు సెల్‌ఫోన్లు బాగుచేస్తున్నారు. అటుగా వెళ్ళినప్పుడల్లా నా ముక్కు నన్ను మోసం చేస్తుంది. లోపలంతా గాజూ ప్లాస్టిక్కూ. నాకు మాత్రం ఉడికించిన మైదా జిగురు వాసనే వస్తుంది. ఒక నిమిషం నిలబడి, ఏం కావాలండీ అని వాళ్ళు అడిగేలోపే కదిలిపోతాను. నాకు కావలసింది వాళ్ళ దగ్గర లేదు. వదిన పోయి మూడేళ్ళయింది.

బోర్డు మీద ఉన్నది అన్నయ్య పేరే అయినా నేను చెప్పబోయేది వదిన గురించి. ఆవిడ నోట్లో నాలుక లేని మనిషి. ఆమెకి రావలసిన నోరు కూడా కలిపి నాకే ఇచ్చాడు దేవుడు అనేవాడు అన్నయ్య. నిజమే. పుస్తకం ఎప్పటికి అవుతుందని ఎవరడిగినా వదిన నీళ్ళు నమిలి, చివరికి 'చూద్దామండీ' అనేది. నేను ఆవిడకి 'చూద్దామండి వదిన' అని పేరు పెట్టాను. బ్యాంకుకి వెళ్ళాలన్నా, ఇంటాయన్ని కుళాయి బాగుచేయించమని అడగాలన్నా, 'అమ్మడూ, కాస్త తోడు రావూ' అని నా దగ్గరికి వచ్చేది. నేను వాళ్ళింట్లోనే ఉండేదాన్ని, ఒక ఆఫీసులో టైపిస్టుని, సాయంత్రం ఐదింటికల్లా ఖాళీ. నేను మాట్లాడుతుంటే ఆవిడ నా వెనక సంచీ పట్టుకుని నిలబడేది. ఉన్నమాట చెప్పాలంటే, అది నాకు బాగానే ఉండేది.

మెట్ల మీద జారి అన్నయ్య కుడి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. ఎముక అతుక్కుంది గానీ వేళ్ళు మాట వినడం మానేశాయి. సూది జారిపోయేది, కటింగ్ మిషను చక్రం తిరిగేది కాదు. దాంతో పనంతా వదిన మీద పడింది. పన్నెండేళ్ళు ఆయన పక్కన కూర్చుని చేసిందేగా, కుట్టడం, అతికించడం, కత్తిరించడం అన్నీ వచ్చు. రానిదల్లా ఏది ముందో ఏది వెనకో తేల్చుకోవడం. ఆఖరున ఎవరు అరిచి వెళితే వాళ్ళ పుస్తకం చేతిలోకి తీసుకునేది. సగం కుట్టినవి ఒక మూల, అట్టలు అతికించనివి ఒక మూల. జిగురు తడిగా ఉండగానే కత్తి వేస్తే కాగితం అంచు పళ్ళు పళ్ళుగా లేస్తుంది. ఆ సంగతి తెలియని బైండరు ఉండడు. తెలిసి కూడా చేసేది మా వదినే, తొందర కొద్దీ. మళ్ళీ అదంతా విప్పి మొదటికి వచ్చేది.

అన్నయ్యేమో కుర్చీలో కూర్చుని, బుధవారం వచ్చెయ్యండి, శనివారం వచ్చెయ్యండి అని ధారాళంగా తారీఖులు ఇచ్చేవాడు. ఆ బుధవారం రాగానే వదిన మొహం చెల్లక వెనకగదిలోకి వెళ్ళిపోయేది.

అలాంటి రోజుల్లో లైబ్రరీ నుంచి అరవై పాత పుస్తకాలు వచ్చాయి. హాలుకి రంగులు వేయిస్తున్నారు, మళ్ళీ తెరిచేలోపు కావాలన్నారు. పదిరోజుల్లో ఇచ్చేస్తామన్నాడు అన్నయ్య. ఆ సాయంత్రమే వదినకి మెల్లగా చెప్పాడు. పక్కవీధి బైండరు షాపూ మిషనూ ఇమ్మని రెండుసార్లు అడిగాడట. ఇది కూడా ఆలస్యమైతే ఇచ్చేద్దాం, నువ్విలా నలిగిపోవడం నేను చూడలేను అన్నాడు. తను మేలు చేస్తున్నాననే అనుకున్నాడు పాపం. వదిన తలూపింది. నేను గిన్నెలు తుడుస్తుంటే వంటింట్లోకి వచ్చి నా పక్కన నిలబడింది.

"నాకు ఆ పనంటే ఇష్టం అమ్మడూ. నాకు వచ్చింది అదొక్కటే. అది కూడా రాదని తేలిపోతుందేమోనని భయంగా ఉంది."

ఎందుకొచ్చిన భయం, నేను లేనూ అన్నాను. నేను ఉండి పుస్తకం కుడతానా ఏమన్నానా.

మర్నాడు షాపు తలుపు తెరవకముందే వదిన ఒక పనికిరాని అట్టముక్క తీసుకుని, ఆ రోజు కుట్టాల్సిన పుస్తకాల పేర్లు పెన్సిలుతో రాసింది. పద్నాలుగు. సాయంత్రానికి ఐదు అయ్యాయి. అన్నయ్య ఆ అట్ట చూసి, ఇది పనుల చిట్టానా కోరికల చిట్టానా అని నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ నవ్వు తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

వదిన అట్ట పారేయలేదు. వెనక్కి తిప్పి, ఆ రోజు నిజంగా జరిగిందేమిటో రాసుకుంది. ఎన్నింటి నుంచి ఎన్నింటిదాకా ఏ పుస్తకం, మధ్యలో ఎవరొచ్చారు, ఎంతసేపు కూర్చున్నారు, అన్నీ. రెండో రోజు ఇంకో అట్ట. మూడో రోజుకి రోజంతా జిగురుని బట్టి సర్దుకుంది. పొద్దున్నే, నిన్న కుట్టిన వాటి వీపులకి జిగురు రాసేది. అది ఆరేలోపు కొత్తవి కుట్టేది. మధ్యాహ్నం ఆరిన వాటికి కత్తి వేసి అట్టలు తొడిగేది. తలుపు మూసేముందు వాటిని ప్రెస్సులో బిగించేది, తెల్లారేదాకా వాటి పని అవే చూసుకునేవి. అంతకుముందు తడి జిగురు ముందు కూర్చుని విసనకర్రతో విసిరిన మనిషేనా ఈవిడ అనిపించింది నాకు.

నాలుగో రోజు నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి నాలుగు అట్టలూ బల్లమీద వరసగా పరిచి చూస్తోంది. రోజుకి ఐదే కుడుతున్నాను అంది, నాలుగు రోజులూ ఐదే. అయితే ఏంటన్నాను. మీ అన్నయ్య ఎనిమిది కుట్టేవారు అంది. నాకు అప్పటికీ బుర్రకెక్కలేదు. ఆవిడకి ఎక్కింది. చేతులు మారినా ఆ షాపులో ఇచ్చే తారీఖులు మాత్రం అన్నయ్య చేతులకి కొలిచినవే. వాటిని అందుకోలేక, తను ఎందుకూ పనికిరాదని కుమిలిపోయింది ఇన్నాళ్ళూ.

ఆ పూట భోజనాల దగ్గర చెప్పింది.

"ఏవండీ, పదిరోజులన్నది మీ చేతులకి. నా చేతులకి పదిహేను పడుతుంది."

అన్నయ్య ముద్ద నోట్లో పెట్టుకోవడం మరిచిపోయాడు. వదిన తనంతట తాను ఒక గడువు చెప్పడం అదే మొదటిసారి. కుట్టడానికి పన్నెండు, చివరివి ఆరి బిగియడానికి రెండు, ఏదైనా తేడా వస్తే ఉంటుందని ఒకటి, అని వేళ్ళమీద చూపించింది. మర్నాడు లైబ్రరీకి నన్ను తోడు తీసుకెళ్ళింది. నేనే మాట్లాడాను. హాలు తెరిచేది పదహారో రోజున, కాబట్టి పర్వాలేదు గానీ పదిహేనంటే పదిహేనే అని గట్టిగా చెప్పింది లైబ్రేరియన్‌గారు.

ఆ వారం ఎవరో డిక్షనరీ పట్టుకొచ్చారు. వదిన అట్టవంక చూసి, ఇరవై రోజులు పడుతుందండీ అని చెప్పింది. అంత ఆలస్యమా అని ఆయన సణిగాడు. కొంపలేం మునగలేదు. 'పుస్తకం ఇక్కడే పెట్టి వెళ్ళాడమ్మడూ' అని ఆ సాయంత్రం నాకు మూడుసార్లు చెప్పింది.

పద్నాలుగో రోజున ఆపద ముంచుకొచ్చింది. ఆఖరి కట్టలో ఒక పాత భూగోళం పుస్తకం ఉంది. అందులో ఒక పెద్ద పటం, మడతలు పెట్టి అతికించినది. ఆ మడత పేజీల అంచుదాకా వచ్చిందని వదిన చూసుకోలేదు. కత్తి దిగింది. మడత దగ్గరే తెగి, పటం మూడు ముక్కలై చేతిలోకి వచ్చింది.

నేను వెళ్ళేసరికి ఆ ముక్కలు ఒళ్ళో పెట్టుకుని స్టూలు మీద కూర్చుని ఉంది. నేను చూసుకుంటానుగా అన్నాను. పాత పుస్తకం, పటం ముందునుంచీ చిరిగే ఉందని చెబితే ఎవరు కాదంటారు? అబద్ధం చెప్పడంలో నాకు పేరుంది. వదిన నావంక చూసింది. లేచి, ముక్కలు సరిగ్గా కలిపి, వెనక పలచటి కాగితం అతికించి, బరువు పెట్టింది. అది ఆరడానికి రెండు రోజులు పైనే కావాలి. తేడా వస్తే ఉంటుందని దాచుకున్న ఒక్క రోజూ చాలదు. విసనకర్ర జోలికి మాత్రం వెళ్ళలేదు.

పదిహేనో రోజు మధ్యాహ్నం పుస్తకాలు బండిలో వేసుకుని వెళ్ళాం. హాలంతా కొత్త రంగు వాసన. లైబ్రేరియన్‌గారు లెక్కపెట్టడం మొదలుపెట్టగానే నేను గొంతు సవరించుకున్నాను. వదిన నా మోచేతి మీద చెయ్యి వేసింది.

"నువ్వుండు," అని నాతో అని, ఆవిడ వైపు తిరిగింది. "యాభైతొమ్మిది తెచ్చాను మేడమ్. ఒకటి నేను పాడుచేశాను. పటం మడత చూసుకోకుండా కత్తి వేశాను. వెనక కాగితం అతికించాను, ఆరాలి. అతుకు కనిపిస్తుంది, చదువుకోడానికి మాత్రం ఇబ్బంది ఉండదు. ఎల్లుండి పదకొండింటికి తెస్తాను."

మాట ఎక్కడా ఆగలేదు. లైబ్రేరియన్‌గారు పైనున్న పుస్తకం తీసి, వీపు నొక్కి, తెరిచి, మూసి, మళ్ళీ తెరిచింది.

"ఎల్లుండి పదకొండింటికి నేనుండను. పన్నెండున్నరకి తెస్తారా?"

వదిన ఒక్క క్షణం ఆలోచించింది. "తెస్తానండి," అంది.

ఇంటికి వచ్చేసరికి పక్కవీధి బైండరు అన్నయ్య ఎదురుగా కూర్చుని ఉన్నాడు. అన్నీ ఇచ్చేశారా అని అన్నయ్యని అడిగాడు. అన్నయ్య వదిన మొహంలోకి చూశాడు.

"ఒకటి ఎల్లుండి ఇస్తాను," అంది వదిన అతనితోనే. "షాపు మాత్రం ఇవ్వనండి."

విన్నారుగా అన్నాడు అన్నయ్య. అని, కిటికీ వైపు తిరిగిపోయాడు. ఏడుస్తున్నాడని నాకు తెలిసింది, నేనూ అదే పనిలో ఉన్నాను కాబట్టి.

ఆ తర్వాత పంతొమ్మిదేళ్ళు వదిన ఆ షాపు నడిపింది. నన్ను తోడు రమ్మని మళ్ళీ ఎప్పుడూ పిలవలేదు. సంతోషించాను, కొంచెం అలిగాను కూడా. సాయంత్రాలు వెళితే, తల ఎత్తకుండానే, 'కూర్చో అమ్మడూ, పావుగంటలో అయిపోతుంది' అనేది. సరిగ్గా పావుగంటకి చేతులు తుడుచుకుని లేచి వచ్చేది. ఒక్కరోజు కూడా మాట తప్పలేదు. అక్కడ కూర్చుని ఎదురుచూడటంలో నాకు ఎంత సుఖం ఉండేదో ఆవిడకి చెప్పనే లేదు నేను, ఇంత నోరుండీ.