బావ దాచిన అసలు ఫ్లాపీ

ఈ ఉదయం నేను అడగకుండానే నా ఫోను తనంతట తాను అప్‌డేటై మారిపోయింది; నిన్న ఉన్న చోట ఏదీ లేదు. కోపం రాలేదు, అలసటే కలిగింది. బల్ల మీద, బావ కర్మకాండ ముగిశాక అక్క నా చేతికిచ్చిన అట్టపెట్టె ఉంది. అందులో ఒక ఫ్లాపీ, దాని మీద బావ చేతిరాతతో ‘అసలు’ అని.

ఎనభైల చివర నాందేడ్‌లో బావకు చిన్న కంప్యూటర్ ఆఫీసు ఉండేది; నేను అందులోనే పనిచేసేవాణ్ణి. పత్తి తూకం కేంద్రాల్లో బండ్లకు వరుస నంబర్లిచ్చే ప్రోగ్రాం రాసి, యంత్రం నడవడానికి కావలసినవన్నీ ‘అసలు’ అని పిలుచుకునే ఒక ఫ్లాపీలో కుదిర్చి, దాని నకళ్లు ఊరూరికీ పంపేవాళ్లం. ఆ నల్లటి పల్చని పలకను వేలితో తాకాలన్నా ఎంత భయపడేవాళ్లమో నా ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది. అసల్లో ఏది ఉండాలో తేల్చేది బావే. ఎవరో తెచ్చిన మరాఠీ అక్షరాల ప్రోగ్రాం నాకెంతో నచ్చింది, కాని ముద్ఖేడ్ కేంద్రంలోని ప్రింటర్ ఆ అక్షరాలను అచ్చువేయలేదని పక్కన పెట్టేశాడు. ఒక ఊరు అడిగిన దిద్దుబాటు ఆ ఊరి నకల్లోనే ఒక పత్తి కాలమంతా నడవాలి, మిగతా ఊళ్లకూ పనికొస్తుందని తేలాకే అసల్లోకి ఎక్కాలి. నాకది చాదస్తంగా తోచేది.

బిలోలిలో రైతులు నంబర్లు తీసుకుని వెళ్లిపోతున్నారని, మర్నాడు ఆ ఖాళీ నంబర్ల దగ్గర తూకం ఆగుతోందని ఫిర్యాదు వచ్చింది. రోజు మారగానే పాత నంబర్లు చెరిగిపోయేలా దిద్దాను. అందరూ మెచ్చుకున్నారు. బావ జ్వరంతో ఇంట్లో ఉన్న వారం, ఆ మెప్పు తలకెక్కి, దాన్ని అసల్లో వేసి అన్ని ఊళ్లకూ పంపాను.

కిన్వట్‌కు అడవి పల్లెల నుంచి వచ్చే బండ్లు రెండేసి రోజులు వరుసలో ఆగుతాయన్నది నేను ఆలోచించలేదు. అక్కడ గొడవవుతోందని కబురు రాగానే బావ నన్ను వెంటబెట్టుకుని రైలెక్కాడు. ముద్ఖేడ్ దాటాక ఒక్క మాటే అడిగాడు.

“ఎవల్ని అడిగి ఏసినవ్‌రా?”

తూకం దగ్గర ఒక ముసలి రైతు మాకు అడ్డం వచ్చాడు. తెచ్చిన గడ్డి అయిపోయింది, ఎడ్లు డస్సిపోయాయి, తర్వాత వచ్చిన బండ్లు ఆయన్ను దాటి వెళ్లిపోయాయి.

“సారూ, నేను మొన్న అచ్చిన. నీ మిషిన్ల నేనే లేనట! మరి గీ ఎడ్లు ఎవనియి, నీ అయ్యవా?”

వరుసలో ఎవరో నవ్వారు. బావ చేతులు జోడించాడు.

“తప్పు మాదే కాకా. ముందుగాల నీ బండే.”

యంత్రం ఆపించి, ఎవరి తర్వాత ఎవరు వచ్చారో అడుగుతూ చక్రాల మీద సుద్దతో నంబర్లు వేశాడు. ఒక్కరు కూడా పక్కవాడి చోటు అడగలేదు.

ఇక నన్ను పనిలోంచి తీసేస్తాడనుకున్నాను. మర్నాడు నా దిద్దుబాటు లేని పాత ఫ్లాపీని వెతికి తీసి నా చేతికే ఇచ్చాడు.

“ఇగ ఇందుల ఏది ఎక్కాల్నో నువ్వే చెప్పు.”

ఆ తర్వాత ఆఫీసు మూసేదాకా నేను అందులో చేర్చినవి చాలా తక్కువ.

ఇప్పుడా ఫ్లాపీని చదివే యంత్రమే లేదు. నిన్నటిదాకా ఫోను తెరవగానే పై వరుసలో బావ నంబరు కనిపించేది. ఈ ఉదయం ఆ వరుసే లేదు. మార్చినవాళ్లెవరో తెలియదు, తప్పు మాదేనని చెప్పడానికి వాళ్లెవరూ రైలెక్కి రారు.