తెర మూలన అతికించిన పట్టీ

ఈ రోజు మధ్యాహ్నం కోస్గిలోని నా కంప్యూటర్ మరమ్మతు దుకాణానికి షాహీన్ బేగం తన పాత ల్యాప్‌టాప్ తీసుకొచ్చారు. ఆమె కంప్యూటర్ ఎంబ్రాయిడరీ మిషన్ మీద పెళ్లి జాకెట్లు కుడతారు. మూడేళ్లుగా తానే గీసుకున్న డిజైన్లన్నీ అందులోనే ఉన్నాయి. వైరస్ వాటన్నిటికీ తాళం వేసింది.

తెర కింది మూలన ఒక గుడ్డ పట్టీ అతికించి ఉంది. ఎందుకని అడిగాను.

"అసలుది కొను, అసలుది కొను అని ఎప్పుడు జూసినా సతాయిస్తాంది భయ్యా. గందుకే దాని నోరు మూసిన," అన్నారు.

ల్యాప్‌టాప్ అమ్మినవాడు అందులో ఆపరేటింగ్ సిస్టమ్ దొంగ కాపీ ఎక్కించి, ఫ్రీ అని చెప్పాడట. అది ఎక్కడానికి వైరస్ రక్షణను ఆపేశాడు. రక్షణ లేదన్న హెచ్చరిక కూడా ఆ మూలనే వస్తుంది. పట్టీ వెనక అది ఎన్నిసార్లు వచ్చి పోయిందో!

ఆమె మీద నాకు కోపం లేదు. ఆపరేటింగ్ సిస్టమ్ లేనిదే కంప్యూటర్ ఇనుప డబ్బా అని తెలిసీ, దానికి ఈ పాత ల్యాప్‌టాప్‌తో పోటీపడే ధర పెట్టిన కంపెనీ మీద ఉంది. పెద్ద సంస్థల దగ్గర ఎంతైనా వసూలు చేసుకోనీ. ఇంట్లో ఒక్క మిషన్‌తో బతికే మనిషికి ఉచితంగా ఇచ్చి తీరాలి. ఉచితంగా దొరికే వేరే సిస్టమ్ వేద్దామంటే, ఆమె ఎంబ్రాయిడరీ సాఫ్ట్‌వేర్ దాని మీద నడవదు.

ఫైళ్లు తిరిగి రావని చెప్పాను.

"జుమ్మా, శుక్రవారం నాటికి ఒక పెండ్లి జాకెట్ ఇయ్యాలె. గా మామిడి పిందెల డిజైన్ మళ్ల గీస్త. గీసారి యాడ దాసుకోవాలెనో జర చెప్పు భయ్యా," అన్నారామె.

దగ్గర కూర్చుని, డిజైన్ల కాపీ పెన్‌డ్రైవ్‌లో ఎలా దాచుకోవాలో చూపించాను. ఉచితంగా ఎందుకివ్వాలని అనేవారు ముందు ఆమెకు జవాబు చెప్పి, తర్వాత నాకు రాయండి.