పోర్టు వైపు కిటికీ

రిటైరయ్యాక మా పాత కంపెనీ నన్ను మళ్లీ పిలిచింది ఆ ఒక్కసారే. విశాఖ పోర్టులో ఒకప్పుడు మేము బిగించిన క్రేను మొరాయిస్తోందనీ, దాని గేరుపెట్టె సంగతి తెలిసినవాళ్లు ఇప్పుడెవరూ లేరనీ కబురు. కుర్ర ఇంజనీర్ల ముందు నిలబడి చెప్పాలి. నా మాట ఇంకా చెల్లుతుందో లేదో తేలేది అక్కడే. ఉద్యోగమంతా తెల్లచొక్కాలోనే గడిపినవాణ్ణి కనుక, ఇస్త్రీ చేసినది ఒకటి తొడుక్కుని, ఇంకొకటి సంచిలో పెట్టుకుని బయల్దేరాను.

కంపెనీవాళ్లు పూర్ణా మార్కెట్ దగ్గర హోటలు మాట్లాడారు. బోర్డు దీపాల్లో సగం వెలగడం లేదు. లిఫ్టుకు అడ్డంగా బియ్యం బస్తాలు. గదిలో తడిసిన గోనెసంచి వాసన. కుళాయి తిప్పితే ముందు దగ్గింది, తర్వాత ఎర్రటి నీళ్లు కక్కింది. పరుపు మధ్యలో ఎవరో లావుపాటి మనిషి ఏళ్ల తరబడి పడుకున్నట్టు గుంట. అన్నీ వరసగా డైరీలో రాసుకుని, ఆ వాసన పట్టకూడదని చొక్కాలు రెండూ కిటికీ ఊచలకు తగిలించాను. సముద్రపు గాలి హాయిగా వీస్తోంది. ఆ గదిలో మెచ్చుకోదగ్గది అదొక్కటే అనుకుని నిద్రపోయాను.

తెల్లారి చూస్తే మిరియాల పొడి చల్లినట్టు చొక్కాల నిండా బొగ్గు నుసి. కంగారులో తడి తువ్వాలుతో తుడిచాను. చుక్కలు కాస్తా చారలయ్యాయి.

రెండూ పట్టుకుని కిందికి దిగాను. హోటలు నడిపే ఆవిడ కౌంటరు వెనక కత్తిపీట ముందేసుకుని ఉల్లిపాయలు తరుగుతోంది.

"ఏటి బాబూ, పోర్టేపు కిటికీకి తెల్లసొక్కాలు కట్టేరా? బొగ్గు గుట్టల గాలి కొట్టే ఆ పక్క మేం మసిగుడ్డలు కూడా ఆరెయ్యం!"

"ముందే చెప్పాలి కదమ్మా!"

"గాలికి తలుపు తీసుకుంతారనుకున్నాం గానీ, జెండాలెగరేత్తారని మాకేటి తెలుసు?" అంటూనే లోపలికి కేకేసింది. "ఓయ్, నీ పెళ్లిళ్ల సొక్కా ఇలా తే!"

ఆవిడ భర్త తెచ్చాడు. ముదురు నీలం మీద ఎర్ర గళ్లు. మనిషి భారీ కావడంతో దాని భుజాలు నా మోచేతుల మీదికి జారాయి. ఆయన నా చుట్టూ ఒకసారి తిరిగి చూశాడు.

"బాగుంది బాబూ. పెళ్లికొడుకు మేనమావలాగున్నారు."

పోర్టు ఆఫీసులో అడుగుపెట్టగానే అందరి కళ్లూ ఆ గళ్ల మీదే. వాళ్లలో పెద్ద ఇంజనీరు మెల్లగా అడిగాడు.

"సార్, పోర్టు వైపు గది ఇచ్చేరా?"

తలూపాను. ఒక్కసారిగా నవ్వులు. ఆ పెద్ద ఇంజనీరే మళ్లీ అందుకున్నాడు.

"జాయినైన రోజు నాను మా బావ సొక్కాతో వచ్చేను సార్. కొత్తగా వచ్చినోలందరికీ ఇదే కత."

అప్పుడు చూశాను, అక్కడ తెల్లచొక్కా వేసుకున్నవాడు ఒక్కడూ లేడు. కుర్చీ దగ్గరికి లాక్కుని కాగితం మీద గేర్లు గీయడం మొదలుపెట్టాను. కుర్రాళ్లు చుట్టూ మూగారు. మధ్యాహ్నం పెట్టె విప్పితే, నేను చెప్పిన చక్రానికే పళ్లు అరిగి ఉన్నాయి.

సాయంత్రం హోటలుకు వెళ్లేసరికి నా చొక్కాలు వంటింట్లో పొయ్యి పైన తీగ మీద ఆరుతున్నాయి. ఆవిడే ఉతికింది. చారలు పూర్తిగా పోలేదు. గళ్లచొక్కా తిరిగిచ్చి, నా వాటిలో ఒకటి తొడుక్కుని రైలెక్కాను.

ఇంటికి రాగానే మా ఆవిడ దగ్గరికొచ్చి వాసన చూసింది. "మీటింగుకని చెప్పి ఎవరి పెళ్లికి వెళ్లొచ్చారు? ఒళ్లంతా పులుసు పోపు వాసన!"

ఆ చొక్కాను రెండు రోజులు ఉతకనివ్వలేదు.